మాధవీ, ట్రైలరు మాత్రం వద్దు

డర్బన్

చిరంజీవి మాధవికి, అల్లుడు కిరణ్‌గారికి, పిల్లలకు పెదనాన్న ఆశీస్సులు.

ఆగస్టు 9, ఇక్కడి మహిళా దినోత్సవం సెలవు, ఆదివారం పడింది కాబట్టి సోమవారం కూడా సెలవనీ, శుక్రవారం జోహన్నెస్‌బర్గ్‌లో బయల్దేరి మూడు రాత్రులు క్రూగర్ నేషనల్ పార్కులో టెంటు వేసుకుని ఉంటారనీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. హోటలు గది వద్దు, పిల్లలు నేల మీద పడుకుని అడవి చప్పుళ్లు వినాలి అని నువ్వే పట్టుబట్టావట. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ వెంటనే ట్రైలరు కూడా అద్దెకు మాట్లాడారని చెప్పింది. అప్పటినుంచీ నా మనసు కుదురుగా లేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం. ఇద్దరూ కూర్చుని చదవండి.

ముందు చిన్న చిన్నవి చెప్పేస్తాను. బెర్గ్-ఎన్-డాల్ క్యాంపు ఎంచుకోవడం మంచిపని. ఎన్4 హైవే మీదుగా మలెలేన్ గేటు దాకా దాదాపు 400 కిలోమీటర్లు, గేటు నుంచి క్యాంపుకు మరో 12. లారీల రద్దీ, పిల్లల కోసం ఆగడాలు కలుపుకుంటే అయిదారు గంటలు పడుతుంది. ఆగస్టులో గేట్లు ఉదయం 6కి తీసి సాయంత్రం 6కి మూసేస్తారు. పొద్దు మాత్రం అయిదున్నరకే వాలిపోతుంది. చీకట్లో టెంటు వేయడం పిల్లలతో అయ్యే పని కాదు కనుక ఉదయం తొమ్మిదిలోపే ఇల్లు కదలండి. బుకింగ్ కాగితంతో పాటు అందరి పాస్‌పోర్టులు, దక్షిణాఫ్రికాలో నివాసం ఉంటున్నట్టు పర్మిట్ తీసుకెళ్లండి. అవి చూపలేకపోతే రోజువారీ ప్రవేశ రుసుము విదేశీయుల లెక్కన కట్టాల్సి వస్తుంది.

టెంటు నలుగురికి కదా అని నలుగురిది తీసుకోకండి, ఆరుగురిది తీసుకోండి. ఇంటి దగ్గర ఒకసారి పూర్తిగా వేసి చూడండి. విరిగిన కడ్డీ సంగతి ఇంట్లోనే బయటపడాలి. ఎండాకాలపు చెరువు గట్టులా ఉంటుంది అక్కడి నేల, ఆగస్టులో మరీ గట్టి. టెంటుతో వచ్చే సన్నటి మేకులు వంగిపోతాయి. 25 నుంచి 30 సెంటీమీటర్ల ఉక్కు మేకులు ఇరవై, బరువైన సుత్తి ఒకటి కొనండి. ఎండుకొమ్మల కిందా, చెత్తకుండీల పక్కనా టెంటు వేయకండి. కుండీల దగ్గరికి కోతులు వస్తాయి. సైటులో కరెంటు కావాలంటే ఇంట్లో వాడే ప్లగ్గు పనికిరాదు. నీలిరంగు మూడు పిన్నుల కారవాన్ ప్లగ్గు ఉన్న వైరు, కనీసం 20 మీటర్లది ఉండాలి.

చలి గురించి ఎవరూ చెప్పరు. ఆఫ్రికా అనగానే ఎండే గుర్తొస్తుంది. ఆగస్టు తెల్లవారుజామున పది డిగ్రీలకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది. చలి పైనుంచి కన్నా నేల నుంచే ఎక్కువ పడుతుంది. గాలి పరుపు లోపలి గాలి చల్లబడి వీపు గడ్డకట్టిస్తుంది. పరుపు కింద ఒక దుప్పటి, పరుపు మీద ఇంకొకటి వేసి, ఆ తర్వాతే పిల్లల్ని పడుకోబెట్టు.

ఇప్పుడు ట్రైలరు.

అడవిలో కారుకు ముందుకు వెళ్లడం కన్నా వెనక్కి వెళ్లడం ముఖ్యం. అది ఏనుగుల వల్ల. ట్రైలరు తగిలించుకున్న కారు తిన్నగా వెనక్కి పోదు. అలవాటు లేనివాళ్లు పది మీటర్లు పోనిస్తే ట్రైలరు అడ్డం తిరిగి రోడ్డు మూసుకుపోతుంది. క్యాంపులో విప్పి వదిలేస్తాం కదా అంటారేమో. గేటు నుంచి క్యాంపు దాకా ఉన్న ఆ 12 కిలోమీటర్లూ ఏనుగులు తిరిగే దారే తల్లీ. పైగా కొన్ని మట్టిరోడ్ల మీదికి ట్రైలర్లను రానివ్వరు. వాపసు చేసేయండి. సామాను కార్లోనే సర్దండి, కానీ వెనక అద్దానికి పైదాకా పరుపులు పేర్చకండి. వెనక్కి చూపించే కెమెరా ఉందిగా అనుకోవద్దు, మట్టిరోడ్డు దుమ్ముకు కెమెరా అరగంటలో మూసుకుపోతుంది.

క్రూగర్‌కు వచ్చే కుటుంబాలు ఎప్పటినుంచో చేస్తున్న పొరపాటు ఒకటుంది. రోడ్డు మీద ఒక ఏనుగు దాటుతూ కనిపిస్తుంది. పిల్లలు కేక పెడతారు. నాన్న కారు ఇంకాస్త ముందుకు పోనిచ్చి ఇంజను ఆపేస్తాడు. అందరూ ఫోన్లు తీస్తారు. దాటిన ఏనుగు అవతలి పొదల్లోకి వెళ్లిపోతుంది. అయిపోయిందనుకుని కారు కదిపేసరికి ఇవతలి పొదల్లోంచి గున్న ఒకటి వస్తుంది, దాని వెనక ఇంకో మూడు. తల్లి అవతల, గున్న ఇవతల, మధ్యలో మీ కారు. వెనక ఈలోపు ఇంకో నాలుగు కార్లు వచ్చి ఆనుకుని ఆగి ఉంటాయి. ఇక కదలడానికి చోటుండదు.

మొదట దాటిన ఏనుగు ఒంటరిదని ఎప్పుడూ అనుకోకండి. ఆడ ఏనుగుల మంద పెద్దావిడ వెంట నడుస్తుంది, గున్నల్ని మధ్యలో పెట్టుకుంటాయి, మేస్తూ వెనకబడ్డవి చాలాసేపటికి గానీ రావు. కాబట్టి మొదటిది కనిపించిన చోటే, కనీసం 50 మీటర్ల దూరంలో ఆగండి. నాలుగు బస్సులు వరసగా పెడితే ఎంతో అంత దూరం. ఇంజను ఆపకండి. దగ్గరికి వచ్చాక మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ చప్పుడుకే ఉలిక్కిపడతాయి. అద్దం కాస్త దించి కొమ్మలు విరిగే చప్పుడు వినండి. రెండువైపులా చప్పుడు ఆగి పది నిమిషాలైతే అప్పుడు కదలండి. ముందు కారుకు మీకూ మధ్య తిప్పుకునేంత చోటు వదలండి. హారన్ కొట్టకండి, ఇంజను రేస్ చేయకండి.

మనవాళ్లకు ఇంకో చిక్కుంది. మన దేశంలో దంతాలున్నది మగ ఏనుగని చూడగానే అనుకుంటాం. అక్కడ ఆడవాటికీ దంతాలుంటాయి. దంతాలున్న ఏనుగు ఒంటరిగా కనిపించిందని దగ్గరికి పోతే అది పొద చాటున బిడ్డను పెట్టుకున్న తల్లి కావచ్చు. కుంభస్థలం గుండ్రంగా ఉంటే మగది, నుదురు కోసుగా ఉంటే ఆడది. మదజలం సంగతీ అంతే. కంటికీ చెవికీ మధ్య నల్లటి చార ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికి కూడా కారుతుంది. మదం పట్టిన మగదాన్ని గుర్తుపట్టాలంటే వెనక కాళ్లు చూడాలి. మూత్రం చుక్కలుగా కారుతూ కాళ్ల లోపలివైపు తడిసి ఉంటుంది, వాసన దూరానికే తెలుస్తుంది, తల పైకెత్తి నడుస్తుంది. అలాంటిది కనిపిస్తే 50 కాదు, 100 మీటర్లు వదలండి. అది రోడ్డు పట్టుకుని మీ వైపే నడిచి వస్తే పక్కనుంచి దూరిపోదామని చూడకండి. నిదానంగా వెనక్కి, రోడ్డు చీలికో వెడల్పాటి చోటో దొరికేదాకా వెనక్కే. కిలోమీటరు కావచ్చు. అందుకే ప్రతి మట్టిరోడ్డు మీదా చివరిగా కారు తిప్పగలిగిన చోటు ఎక్కడ దాటామో ఒకరు గుర్తు పెట్టుకుంటూ ఉండాలి. ఆ పని పెద్దాడికి అప్పజెప్పు, ఎనిమిదేళ్లవాడికి అది గొప్పగా ఉంటుంది.

చెవులు విప్పి, తల ఊపి, దుమ్ము లేపి, ఘీంకరిస్తే అది హెచ్చరిక. చెవులు వెనక్కి అణచి, తల దించి, తొండం లోపలికి ముడిచి చప్పుడు చేయకుండా వస్తే నిజంగానే వస్తున్నట్టు. ఈ తేడా తెలుసు కదా అని హెచ్చరిక దాకా ఆగకండి. మేయడం మానేసి మీ వైపు తిరిగి నిలబడిందంటేనే మీరు ఎక్కువ దగ్గరగా ఉన్నారని అర్థం. పెద్ద మగ ఏనుగు ఆరు టన్నుల దాకా తూగుతుంది, మీ కారు రెండు టన్నులు కూడా ఉండదు.

నువ్వు చిన్నప్పుడు గుడి ఏనుగు తొండం తలమీద పెట్టించుకోవడానికి వరసలో రెండోసారి నిలబడ్డదానివి. ఏనుగంటే నీకు భయం లేదు, అదే నా భయం. 2024 జులైలో పిలానెస్‌బర్గ్‌లో స్పెయిన్ నుంచి వచ్చిన పర్యాటకుడు ఒకాయన గున్నలున్న మందను ఫొటో తీయడానికి కారు దిగి దగ్గరికి నడిచాడు. మంద తొక్కి చంపింది. తోడు వచ్చినవాళ్లు కార్లోనే ఉన్నారు. క్యాంపుల్లో, కంచె వేసిన పిక్నిక్ స్థలాల్లో, దిగవచ్చని బోర్డు ఉన్న చోట్ల తప్ప ఎక్కడా తలుపు తీయకూడదు. టైరు పంక్చరైనా సరే. వేరే కారు వచ్చేదాకా ఆగండి, గేటు దగ్గరిచ్చే కాగితం మీద అత్యవసర నంబరుంటుంది, దాన్ని బయల్దేరేముందే ఫోన్లో ఎక్కించుకోండి. చంటిదానికి దారిలో అవసరం వస్తే కార్లోనే కానివ్వాలి, చిన్న పాట్ ఒకటి, మూత ఉన్న డబ్బా ఒకటి పెట్టుకో. పిల్లల తలుపులకు చైల్డ్ లాక్ వేయి. సన్‌రూఫ్‌లోంచి తల బయట పెట్టనివ్వకు.

జంతువులు కనబడాలంటే ఉదయం ఆరింటికి క్యాంపు గేటు తీయగానే బయట ఉండాలి. తారు మీద 50, మట్టి మీద 40 పరిమితి. చూడాలంటే 20, 25 మించకూడదు. ఆ లెక్కన పిల్లలతో రోజుకు 100 కిలోమీటర్లే ఎక్కువ. ఇంపాలా జింకలన్నీ మేయడం ఆపి ఒకేవైపు చూస్తుంటే మీరూ అటే చూడండి, చిరుతో సింహమో ఉండవచ్చు. ఎండాకాలానికి ముందు నీళ్లు తగ్గి ఉంటాయి కనుక తిరగడం కన్నా నీటిమడుగు దగ్గర గంటసేపు ఆగడం మేలు. ఎవరెక్కడ ఏం చూశారో రిసెప్షన్ దగ్గర బోర్డు మీద రంగు గుర్తులు పెడతారు, రాత్రి చూసుకుని పడుకోండి. ఆరేళ్లు నిండని పిల్లల్ని పార్కు వాళ్ల సఫారీ బండి ఎక్కనివ్వరు. చంటిదానికి నాలుగే కదా, ఒకరోజు నువ్వు, ఒకరోజు అల్లుడుగారు పెద్దాడిని తీసుకెళ్లండి.

రాత్రి క్యాంపు చుట్టూ కరెంటు కంచె ఉంటుంది. దుమ్ములగొండ్లు కంచె పొడుగునా తిరుగుతాయి, పిల్లలకు చూపించు. అవతలికి ఒక్క ఎముక ముక్క కూడా వేయనివ్వకు. మనుషుల చేతి తిండి మరిగిన దుమ్ములగొండినీ, బబూన్ కోతినీ చివరికి కాల్చి చంపాల్సి వస్తుంది. మన పులిహోర పెట్టి దాని ప్రాణం తీసినవాళ్లమవుతాం. తిండి ఏదీ టెంటులో ఉంచకు. అన్నీ కారు డిక్కీలో, తాళం వేసి. కూలర్ బాక్సు మూత కోతులకు లెక్క కాదు.

టెంటు జిప్ ఎప్పుడూ వేసే ఉండాలి, రెండు నిమిషాలకు బయటికెళ్లినా సరే. విషం చిమ్మే మొజాంబిక్ నాగు రాత్రిపూట తిరుగుతుంది, నిద్రపోతున్నవాళ్లను కరుస్తుంది. చెప్పులు, బూట్లు లోపలే పెట్టి, వేసుకునేముందు దులపండి. బాత్రూముకు టార్చి లేకుండా, బూట్లు లేకుండా అడుగు వేయొద్దు. పఫ్ యాడర్ అనే విషసర్పం దారిలోనే కదలకుండా పడుకుని ఉంటుంది. కాటు పడితే కోయడం, గట్టిగా కట్టడం ఏమీ చేయకుండా నేరుగా క్యాంపు ఆఫీసుకు. కళ్లలో విషం పడితే మంచినీళ్లతో పదిహేను ఇరవై నిమిషాలు ఆపకుండా కడగాలి.

ఇక దోమలు. క్రూగర్ మలేరియా ప్రాంతం. ఆగస్టులో భయం తక్కువ, అసలు లేకపోవడం లేదు. చంటిదానికి అయిదేళ్లు నిండలేదు, ఆ వయసులో ముదిరితే చాలా త్వరగా ముదురుతుంది. ఈ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లి మాత్రలు వేయాలో వద్దో అడగండి. వేయమంటే అటోవాక్వోన్-ప్రోగ్వానిల్ ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి వచ్చాక ఏడురోజుల దాకా వేయాలి, పాలతోనో అన్నంతోనో. పిల్లలకు బరువును బట్టి. డాక్సీసైక్లిన్ ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇవ్వరు. ఇంట్లో ఉన్న క్లోరోక్విన్ అక్కడి మలేరియాకు పనిచేయదు. సాయంత్రం నుంచి పొద్దున దాకా పొడుగు చేతులు, సాక్సులు, దోమల మందు.

తిరిగొచ్చాక మూడు నెలల్లోపు నలుగురిలో ఎవరికి జ్వరం వచ్చినా పారాసెటమాల్ వేసి చూద్దాం అనుకోవద్దు. అదేరోజు డాక్టరుకు “క్రూగర్ వెళ్లొచ్చాం” అని మీరే ముందు చెప్పి రక్తపరీక్ష చేయించండి. నెగెటివ్ వచ్చి జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్లీ. జ్వరంతో పాటు ఒంటి మీద నల్లటి పక్కు కట్టిన పుండు కనిపిస్తే అది పిడుదు కాటు జ్వరం కావచ్చు, అదీ చూపించండి. నవంబరు పదో తేదీ దాకా ఈ మాట క్యాలెండరులో రాసిపెట్టు.

వచ్చే శని, ఆదివారాల్లో అల్లుడుగార్ని ఏదైనా ఖాళీ పార్కింగ్ స్థలానికి తీసుకెళ్లు. సామాను నింపిన కారు, పిల్లలు వెనక కూర్చుని, అద్దాలు చూసుకుంటూ 200 మీటర్లు తిన్నగా వెనక్కి పోనివ్వమను. ఆ తర్వాత నువ్వూ. ఇద్దరికీ రావాలి. ట్రైలరు వాపసు చేశామని ఒక్క మెసేజ్ పెట్టండి.

మీ పెదనాన్న

మరిచాను: థర్మామీటరు తీసుకెళ్లండి, కొత్త బ్యాటరీ వేసి.