గీత లోపల పచ్చగా ఉంటే చాలదు: కోరంగి మడ అడవిలో నేర్చుకున్న లెక్క

జాతీయ ఉద్యానవనాలు తమ హద్దు లోపలా బయటా ప్రకృతిని ఎంతవరకు కాపాడుతున్నాయో ఎలా కొలవాలని, ఉపగ్రహ చిత్రంలో పచ్చదనం నిలిచి ఉంటే సరిపోదా అని మీరు అడిగారు. సరిపోదు. గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడ దగ్గరున్న కోరంగి మడ అడవి జాతీయ ఉద్యానవనం కాదు, 1978లో ప్రకటించిన అభయారణ్యం. అయినా చిక్కు రెండింటికీ ఒకటే కనుక, అక్కడ మడ చెట్లు కొలిచేవారికి రెండు వేసవులు సాయపడిన అనుభవంతో చెబుతున్నాను.

మొదటి వేసవిలో లోపల తాళ్లతో చదరాలు కట్టి, తెల్లమడ, తిల్ల చెట్ల చుట్టుకొలతలు రాసుకుని, వాటిని తాళ్లరేవు వైపు రొయ్యల చెరువుల గట్ల వెంట ఉన్న చెట్లతో పోల్చాము. తేడా చూసి పొంగిపోయాము. మా పడవ నడిపిన పెద్దాయన మాత్రం, "ఆ గట్టు మీదికి పోటు నీరే రాదు గదండీ, అక్కడ మడ ఎలా బతుకుద్ది?" అన్నారు. ఎగువన పాపికొండల సంగతీ ఇంతే. 2008లో జాతీయ ఉద్యానవనమైన ఆ అడవిలో ఎంతో భాగం నాగలి ఎక్కలేని ఏటవాలు. అక్కడ చెట్టు నిలిచిందంటే ఆ ఘనత చట్టానిదా, కొండదా? కోస్టారికాపై అదే ఏడాది వెలువడిన ఒక అధ్యయనం, అన్ని విధాలా సాటి వచ్చే భూములతో పోల్చి, రక్షణ లేకపోయినట్లయితే నరికివేతకు గురయ్యేది రక్షిత అడవిలో సుమారు పదో వంతేనని తేల్చింది.

అందుకని రెండో వేసవిలో పోటు అందే ఎత్తు, ఊరికి దూరం ఒకేలా ఉన్న చోట్లనే ఎంచుకున్నాము. తేడా మిగిలింది గానీ బాగా తగ్గింది. హద్దు పక్కనే, బయటి మడలో కొత్తగా నరికిన మొదళ్లు కనిపించడంతో మరో అనుమానం మొదలైంది: లోపల కట్టెలు కొట్టనివ్వకపోతే గొడ్డలి బయటికి మళ్లుతుంది, అప్పుడు బయట పాడైనకొద్దీ లోపలి రక్షణ ఉన్నదానికంటే గొప్పగా కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా, ఆ ఒత్తిడి చేరని మూడో చోటును, కాట్రేనికోన వైపు మడను, లెక్కలోకి తెచ్చాము.

మేలు కూడా గీత దాటుతుంది. మడ వేళ్ల మధ్య పెరిగిన రొయ్య పిల్లలు బయట వలల్లో పడతాయి. బావురు పిల్లి చేపల చెరువుల గట్ల మీదా తిరుగుతుంది కనుక దాన్ని లోపల మాత్రమే లెక్కిస్తే సగం కథే తెలుస్తుంది. (మా ఊళ్లో దాన్ని చూసినవారిలో చాలామంది చెరువుల కాపలాదారులే.) ఇక డెల్టాలో అన్నిటికంటే పెద్ద సంగతి నీరు: ఒండ్రు ఎగువ ఆనకట్టల దగ్గరే ఆగిపోతుంటే, వేసవిలో మంచినీరు తగ్గి ఉప్పు పైకి ఎగదన్నుతుంటే, ఆ నష్టాన్ని అభయారణ్యం కాపలా ఆపజాలదు, అలాగని దాని వైఫల్యంగా రాయడమూ న్యాయం కాదు. అందుకే మా పుస్తకంలో చెట్ల కొలతల పక్కన నీటి ఉప్పదనానికి ఒక గడి చేర్చి, గోదావరి వరద ఎర్రనీరు దిగేవరకు పోటుకూ పాటుకూ విడివిడిగా నింపాము.