రాయి తడుస్తుందా, తడుపుతుందా?

సందేహం: బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడ్‌ను) భూగర్భంలో నిల్వచేయడం గురించి మా బడి పిల్లలకు వ్యాసం రాస్తూ, ‘యంత్రం రాతి తడిని ముందే చెబుతుంది’ అన్నాను. యంత్రమంటే ఇక్కడ కొలతల నుంచి నేర్చుకునే కంప్యూటరు. మిత్రులొకరు దాన్ని ‘తడిపే గుణాన్ని ఊహిస్తుంది’ అని దిద్దారు. ఏది సరి? – ఒక ఉపాధ్యాయుడు, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా.

సమాధానం: రెండూ సరికావు. ‘తడి’ అంటే ఇప్పటికే ఉన్న చెమ్మ; మీరు చెప్పదలచినది గుణం. మునుగు–ముంచు వలెనే తడియు–తడుపు జంటలో మొదటిది అకర్మకం, రెండవది సకర్మకం. తడిపేది ద్రవం, తడిసేది రాయి. కనుక రాతిది ‘తడిసే గుణం’.

అయితే దేనికి తడుస్తుందో చెప్పకపోతే ఈ మాట సగమే. భూమిలో సుమారు 800 మీటర్లకు దిగువన, రాతి రంధ్రాలలోని ఉప్పునీరు, పైనుంచి ఎక్కించిన వాయువు, ఒకే రాతిని అంటిపెట్టుకోవడానికి పోటీపడతాయి. నీటిబొట్టు అంచు రాతితో చేసే కోణాన్ని స్పర్శకోణం అంటారు. నీటివైపు నుంచి కొలిచిన ఈ కోణం 90 డిగ్రీలకు బాగా తక్కువైతే నీరు రాతిపై పరచుకుంటుంది, ఎక్కువైతే తామరాకు మీది బొట్టులా ముడుచుకుంటుంది. నీటికి తడిసే రాతిలో వాయువు చిన్నచిన్న బుడగలుగా చిక్కుకొని ఉండిపోతుంది. పైనున్న కప్పురాతి సన్నని రంధ్రాలను పట్టుకున్న నీరు కూడా దాన్ని పైకి రానివ్వదు. ఆ గుణం తగ్గితే నిల్వకు భద్రత తగ్గుతుంది. ‘వానకు తడిసింది’ అంటాం కదా, ఆ ‘కు’ను ఇక్కడా వాడి ‘ఉప్పునీటికి తడిసే గుణం’ అనండి. ఇసుకరాయి, సున్నపురాయి, మీ జిల్లాలో విస్తారంగా ఉన్న నల్లరాయి (బసాల్ట్) ఒకే తీరున తడవవు కాబట్టి రాతి పేరు కూడా చెప్పడం మంచిది.

ఇక క్రియ సంగతి. ‘ముందే చెప్పడం’ జరగబోయేదానికి తగును. రాతి గుణం ఇప్పుడే ఉంది, మనం కొలవలేదు, అంతే. ‘ఊహ’కు ఆధారం ఉండాలన్న నియమం లేదు. యంత్రమేమో ప్రయోగశాలల్లో కొలిచిన కోణాలను, వాటితోపాటు నమోదైన పీడనం, ఉష్ణోగ్రత, లవణీయత, ఖనిజం వివరాలను చూసి నేర్చుకొని, కొలవని చోట కోణం ఎంతుంటుందో లెక్కగడుతుంది. దీనికి ‘అంచనా’ అన్నదే తగిన మాట. పంటనైనా ఖర్చునైనా తెలిసినదాన్ని బట్టి లెక్కగట్టేటప్పుడు మనవాళ్లు వాడేది అదే.

మీ వాక్యాన్ని ఇలా మార్చండి: ‘ఇసుకరాయి ఉప్పునీటికి ఎంతగా తడుస్తుందో, పాత కొలతల నుంచి నేర్చుకున్న యంత్రం అంచనా వేస్తుంది.’