కూరగాయల చెత్తను పులియబెట్టి హైడ్రోజన్ తీసి అమ్మవచ్చా?

మీ ఊరి మార్కెట్ యార్డులో రోజూ మిగిలే చెత్త గురించి అడిగారు. హైడ్రోజన్ తీయవచ్చు. అమ్మే ఆలోచన మాత్రం పక్కన పెట్టండి.

ఎం.టెక్. ప్రాజెక్టుగా నేను చేసిన పని ఇదే. బయోగ్యాస్ గుంతలోంచి పేడ స్లర్రీ తెచ్చి గంటసేపు మరిగించేవాణ్ణి. హైడ్రోజన్‌ను తినేసి మీథేన్ (బయోగ్యాస్‌లో మండే వాయువు) తయారుచేసే సూక్ష్మజీవులు ఆ వేడికి చచ్చిపోతాయి. హైడ్రోజన్ ఇచ్చే క్లోస్ట్రీడియం బ్యాక్టీరియా మాత్రం స్పోర్ల (వేడిని తట్టుకునే గట్టి పెంకు గింజల్లాంటివి) రూపంలో బతికి బయటపడతాయి. రెండు లీటర్ల సీసాలో ఆ స్లర్రీ, మగ్గిపోయిన అరటిపళ్ల గుజ్జు కలిపి, గాలి చొరకుండా బిగించి, 37 డిగ్రీల నీళ్లతొట్టిలో పెట్టాను. మర్నాడు నీళ్లలో బోర్లించిన కొలజాడీలోకి బుడగలు ఎక్కుతుంటే ఆ సంబరంలో నలుగురికి టీ ఇప్పించాను.

మూడో రోజుకు బుడగలు ఆగిపోయాయి. మూత తీస్తే పాడైన వెన్న కంపు! అది బ్యూటిరిక్ ఆమ్లం. పీహెచ్ (పులుపు కొలత, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4కు పడిపోయింది; ఆ పులుపుకు బ్యాక్టీరియా పని ఆపేశాయి. సోడా కలిపి 5.5 దగ్గర నిలబెడితే మళ్లీ కదిలింది. కొన్ని వారాలకు, రోజూ వేసే పచ్చి గుజ్జుతో పాటు వచ్చాయేమో, మీథేన్ జీవులు తిరిగి చేరాయి. మళ్లీ మరిగించడం, మళ్లీ మొదలు.

అసలు చిక్కు లెక్కలో ఉంది. ఒక గ్లూకోజ్ అణువు నుంచి ఈ పద్ధతిలో సిద్ధాంతం ప్రకారమే నాలుగు హైడ్రోజన్ అణువులకు మించి రావు. నా సీసాలో రెండు దాటలేదు. అంటే కిలో గ్లూకోజ్‌కు 22 గ్రాముల హైడ్రోజన్, దాదాపు 2.7 మెగాజౌళ్ల శక్తి. వంటగ్యాస్‌లో చెప్పాలంటే 60 గ్రాములు. అదే కిలో పూర్తిగా మీథేన్‌గా మారితే 13 మెగాజౌళ్ల పైమాటే. మిగిలిన శక్తంతా ఆ కంపుకొట్టే ఆమ్లాల్లోనే ఉండిపోతుంది.

అందుకే హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్‌లో ఐఐసీటీ (హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ రసాయన పరిశోధన సంస్థ) సాంకేతికతతో కట్టింది కూడా బయోగ్యాస్ ప్లాంటే. రోజుకు 10 టన్నుల చెత్తతో సుమారు 500 యూనిట్ల కరెంటు తీసేలా దాన్ని రూపొందించారు. ముందు వెళ్లి దాన్ని చూడండి. హైడ్రోజన్ మీద మోజు తీరకపోతే, ముందు చిన్న ట్యాంకులో అది తీసి, మిగిలిన పుల్లనీళ్లను మీథేన్ ట్యాంకుకు పంపండి. నేను మళ్లీ చేస్తే అలాగే చేస్తాను.

ఇంకో మాట. హైడ్రోజన్‌ను బెలూన్లలో, ట్యూబుల్లో నింపి దాచకండి. నేను రాత్రి కట్టిన బెలూన్ తెల్లవారేసరికి సగానికి ముడుచుకుపోయింది. వాసన లేదు, మంట పగటిపూట కంటికి కనబడదు, గాలిలో 4 శాతం కలిస్తే చాలు అంటుకుంటుంది. ఆ రాత్రి గది కిటికీ తెరిచి ఉండటం నా అదృష్టం.