మిషనరీ ఆదివారంతో సరా?

ప్రశ్న: చెన్నైలోని మా తెలుగు సంఘం ఏటా మిషనరీ ఆదివారం (సువార్త సేవకుల కోసం కేటాయించిన ఆదివారం) జరిపి, వారికి ప్రత్యేక కానుక పంపుతుంది. అంతటితో మా బాధ్యత తీరినట్లేనా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: తీరదనే నా అభిప్రాయం. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించి, తమ సొంత కానుకలతోనే సేవకులను మన డోర్నకల్ ప్రాంతానికి పంపారు; ఆ సంస్థ స్థాపకుల్లో ఒకరైన వి.ఎస్. అజరయ్య తెలుగు నేర్చుకొని, అక్కడి పల్లెల్లో సేవచేసి, 1912లో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పు అయ్యారు. తమిళనాట నివసించే తెలుగు విశ్వాసులకు ఆ ఋణం మరింతగా గుర్తుండాలి. మిషనరీ ఆదివారం నాడు సేవకులకు వేదికపై శాలువా కప్పడం మంచిదే. అయితే సేవకుల ఇంట పిల్లల చదువు, వైద్యం, అద్దె నెలనెలా వచ్చే ఖర్చులు కనుక, చిన్న మొత్తమైనా క్రమం తప్పకుండా పంపండి. వారి ఉత్తరాలను ఆరాధనలో చదివి, పేరుపేరునా ప్రార్థించండి. వారు సెలవుపై వచ్చినప్పుడు, ప్రసంగం అడగడానికి ముందు విశ్రాంతి తీసుకోనివ్వండి.