పాత చర్చి భూకంపానికే కూలిందని ఎలా తెలుస్తుంది?

"పట్టించుకునేవాళ్లు లేకపోతే ఏ కట్టడమైనా వందల ఏళ్లకు కూలుతుంది కదా, భూకంపమే అని తవ్వకాలవాళ్లు ఎలా చెబుతారు?" అని అడిగారు. నాకూ ఇదే సందేహం ఉండేది.

నేను ఇజ్రాయెల్‌లోని తిబెరియలో ఒక పెద్దావిడ దగ్గర కేర్‌గివర్‌గా పని చేశాను. గలిలయ సముద్రానికి అవతలి ఒడ్డున కొండ మీద సుస్సితా శిథిలాలున్నాయి. గ్రీకులో దాని పేరు హిప్పోస్. బైబిల్లో దెకపొలి అంటామే, ఆ పట్టణాల్లో ఇదొకటి. ఒక సెలవు రోజున మా తెలుగు సహవాసం వాళ్లతో కలిసి వెళ్లాను.

అక్కడి పెద్ద చర్చిలో స్తంభాలు నేల మీద పక్కపక్కనే, ఒకే వైపుకు పడి ఉన్నాయి. తుఫాను మర్నాడు మా కోనసీమలో అరటితోట ఎలా ఉంటుందో అచ్చం అలాగే. పాడుపడి కూలితే ఈ ఏడు ఒకటి, యాభై ఏళ్లకు ఇంకొకటి, తలో దిక్కుకు పడేవి. ఇవన్నీ ఒక్కసారే పడ్డాయని చూడగానే అనిపిస్తుంది. 749లో వచ్చిన భూకంపానికి పడ్డాయని చెబుతారు.

కానీ ఒకే వైపుకు పడటం ఒక్కటే సాక్ష్యం కాదు. పడిన రాయికీ నేలకూ మధ్య ఏముందన్నది చాలా ముఖ్యం. కట్టడం మెల్లగా పాడైతే ముందు మట్టి పేరుకుంటుంది, రాళ్లు ఆ మట్టి మీద పడతాయి. వాడుకలో ఉండగా కూలితే రాళ్లు నేరుగా గచ్చు మీదే ఉంటాయి, కింద అప్పటి సామాను, డబ్బు అలాగే దొరుకుతాయి. ఏ సంవత్సరమో తేల్చేది ఆ డబ్బే. దక్షిణాన ఉన్న బేత్షానులో (బైబిల్లో సౌలు రాజు శవాన్ని తగిలించిన ఊరే) కూలిన దుకాణాల కింద ముస్లిం క్యాలెండర్ ప్రకారం హిజ్రీ 131 నాటి నాణెం దొరికింది. అంటే 748–49. అంతకన్నా గట్టి ఆధారం ఏం కావాలి!

చుట్టుపక్కల ఊళ్లన్నీ చూడటం కూడా అవసరం. బేత్షాను, యొర్దాను అవతల పెల్లా కూడా అప్పుడే దెబ్బతిన్నాయి. మృత సముద్రం నుంచి గలిలయ మీదుగా ఉత్తరానికి భూమిలో పెద్ద పగులు ఉంది, అక్కడ భూమి పైపొరలోని రెండు పెద్ద ఫలకాలు ఒకదాని పక్కనుంచి ఒకటి జరుగుతుంటాయి. సుస్సితా 363లో కూడా ఒకసారి దెబ్బతింది. అప్పుడు కూలిన పైకప్పు కింద, బంగారు పావురం లాకెట్‌తో ఒక స్త్రీ ఎముకలు బయటపడ్డాయి. దాని గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ దెబ్బ తర్వాత ఊరు మళ్లీ లేచి చర్చిలు కట్టుకుంది. 749 తర్వాత మాత్రం ఆ స్తంభాలను ఎత్తి నిలబెట్టడానికి ఎవరూ తిరిగి రాలేదు.