లైబ్రరీ ఉన్నా హెడర్ ఫైల్ లేదంటోందా?

తమ్ముడూ, రాజాం ల్యాబ్‌లో ఉబుంటు 22.04 మీద ‘మేక్’ (సోర్స్ కోడ్‌ని ప్రోగ్రాంగా కట్టే ఆదేశం) కొడితే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్/ఎస్‌ఎస్‌ఎల్.హెచ్ అనే హెడర్ ఫైల్ లేదంటోందన్నావు, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్3 లైబ్రరీ ప్యాకేజీ ఉన్నా సరే. అది ప్రోగ్రాం నడవడానికే. కంపైలర్‌కి కావలసిన హెడర్లూ, కంపైలైన ముక్కల్ని లైబ్రరీలతో కలిపే లింకర్ వెతికే చివర అంకె లేని లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్ఓ లింకూ డెవ్ ప్యాకేజీలో వస్తాయి. సుడో ఆప్ట్ అప్‌డేట్, ఆనక సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్ కొట్టు. కాన్ఫిగర్ స్క్రిప్టు ఉంటే మేక్ క్లీన్ చేసి దాన్నీ మళ్లీ నడుపు.

ఎవరో చెప్పారని .ఎస్ఓ.3కి చేత్తో లింకు మాత్రం పెట్టకు, హెడర్లు దాంతో పుట్టుకురావు.

ఇంకో హెడర్ దగ్గర ఆగితే ఆప్ట్-ఫైల్ ఎక్కించి, సుడో ఆప్ట్-ఫైల్ అప్‌డేట్ చేసి, ఆప్ట్-ఫైల్ సెర్చ్ పక్కన ఆ పేరివ్వు. ఏ ప్యాకేజీయో చెప్పేస్తుంది.

అంతా అయ్యాక నడిపేటప్పుడు, యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో ఉన్న లైబ్రరీ కనబడలేదంటే సుడో ఎల్‌డీకాన్ఫిగ్ ఒక్కటి చాలు. ప్రోగ్రాం నడిచేటప్పుడు లైబ్రరీల్ని తెచ్చే లోడర్ వెతికే జాబితాని (క్యాష్) అది తాజా చేస్తుంది.