కంప్యూటర్ ఆరిపోతే తప్పు మదర్‌బోర్డుదేనా?

ప్రశ్న: రెండేళ్ల కిందట విడిభాగాలు కొని కంప్యూటర్‌ను నేనే బిగించుకున్నాను. 550 వాట్ల ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును కంప్యూటర్ భాగాలకు తగినట్టు మార్చి ఇచ్చే పెట్టె), 600 వీఏ (వోల్ట్ ఆంపియర్ల) యూపీఎస్ ఉన్నాయి. మామూలు పనులకు ఎంతసేపైనా నడుస్తుంది కానీ, వీడియో రెండరింగ్ పెట్టినా, పెద్ద గేమ్ ఆడినా కాసేపటికి ఒక్కసారిగా ఆరిపోయి, దానంతటదే మళ్లీ మొదలవుతుంది. విండోస్ లోపాన్ని తెలిపే నీలి తెర రాదు. రిపేరు దుకాణంలో మదర్‌బోర్డు మార్చమన్నారు. మార్చాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఇప్పుడే మార్చకండి. మదర్‌బోర్డు పాడైందని చెప్పడానికి మీరు రాసిన లక్షణాల్లో ఆధారం లేదు. పైగా పైసా ఖర్చు లేకుండా చేయగల పరీక్షలు ఇంకా మిగిలే ఉన్నాయి.

కంప్యూటర్ ఎలా ఆగిందన్నదే మనకు దొరికే మొదటి సాక్ష్యం. ప్రాసెసర్ మితిమీరి వేడెక్కితే ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి అదుపులోకి రాకపోతే ఆరిపోయి, సాధారణంగా అలాగే ఉండిపోతుంది. ఎస్ఎంపీఎస్‌లోని రక్షణ వ్యవస్థ పనిచేసి ఆపేస్తే, చాలావరకు వెనక స్విచ్ ఆపి, మళ్లీ వేస్తే తప్ప తిరిగి మొదలుకాదు. మీ కంప్యూటర్ తనంతట తానే మొదలవుతోందంటే, కరెంటు ఒక్క క్షణం తడబడి మళ్లీ కుదురుకుంటోందని అనుమానించాలి. కంప్యూటర్‌లో జరిగినవి నమోదయ్యే విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నెల్ పవర్ 41 అనే నమోదు కనిపిస్తే కంగారు పడవద్దు. కంప్యూటర్ సక్రమంగా షట్‌డౌన్ కాలేదని మాత్రమే అది చెబుతుంది, కారణం చెప్పదు. దాన్ని చూసి భాగాలు మార్చేసినవాళ్లు ఉన్నారు కనుక ఇది గట్టిగా చెబుతున్నాను.

నా మొదటి అనుమానం యూపీఎస్ మీదే. 600 వీఏ అని రాసి ఉన్నా ఈ తరహా యూపీఎస్‌లు ఇచ్చేది సాధారణంగా 360 వాట్ల వరకే. అందులోని లెడ్ యాసిడ్ బ్యాటరీ రెండు మూడేళ్లకే నీరసిస్తుంది. వోల్టేజీ తగ్గి యూపీఎస్ బ్యాటరీకి మారిన క్షణంలో తేలికపాటి పని అయితే నెట్టుకొస్తుంది కానీ, గ్రాఫిక్స్ కార్డు పూర్తి బలంతో నడుస్తుంటే ఆ భారాన్ని మోయలేదు. కాబట్టి యూపీఎస్‌ను పక్కన పెట్టి, ఎర్తింగ్ ఉన్న గోడ ప్లగ్గుకు నేరుగా కలిపి అదే రెండరింగ్ నడపండి.

అప్పుడూ ఆరిపోతే ఎస్ఎంపీఎస్ వంతు. గ్రాఫిక్స్ కార్డులు మిల్లీ సెకన్ల పాటు తమ పరిమితికి ఎంతో మించి కరెంటు లాగుతాయి. 2022లో ఎస్ఎంపీఎస్‌ల కోసం వచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో ఇటువంటి క్షణిక భారాన్ని తట్టుకోవడానికి ప్రత్యేక నిబంధనలు చేర్చింది ఇందుకే. కార్డు పవర్ లిమిట్‌ను (అది లాగే కరెంటుకు పెట్టే హద్దును) 70 శాతానికి తగ్గించి చూడండి. ఆరిపోవడం ఆగితే అనుమానం దాదాపు రుజువైనట్టే. కార్డుకు రెండు సాకెట్లు ఉంటే ఒకే కేబులు కొసలు కాకుండా రెండు వేర్వేరు కేబుళ్లు పెట్టండి. ఆ తర్వాత మిత్రుల ఎస్ఎంపీఎస్ తెచ్చి పరీక్షించవచ్చు, అయితే దాని కేబుళ్లనే వాడాలి. సాకెట్‌లో సరిగ్గా పట్టినా లోపలి తీగల వరుస ఒక్కో తయారీదారుది ఒక్కోలా ఉంటుంది, తారుమారైతే డిస్కులు కాలిపోతాయి. ఎస్ఎంపీఎస్ పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి, ప్లగ్గు తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది.

ఇవన్నీ దాటాకే మదర్‌బోర్డు సంగతి ఆలోచించండి.

ప్రశ్న: క్యాబినెట్‌లో దుమ్ము దులిపాక ఫ్యాన్లు తిరుగుతున్నాయి కానీ తెర మీద ఏమీ రావడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: మానిటర్ కేబులు గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా, పొరపాటున మదర్‌బోర్డుకు పెట్టారా చూడండి. తర్వాత ప్లగ్గు తీసి, ర్యామ్‌లన్నీ తీసేసి, ఒక్కదాన్నే క్లిప్పు టక్కుమనేలా నొక్కి పెట్టండి. నాలుగు స్లాట్లున్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండోది వాడాలి. డీడీఆర్5 రకం ర్యామ్ అయితే మొదటిసారి తెర రావడానికి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, తొందరపడి ఆపేయకండి.